నోటుబుక్కులో మూడో గడి: లాటిన్ మాక్సిమ్స్‌తో నా అనుభవం

2021 నవంబరులో ఎల్ఎల్‌బీ ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్ వచ్చింది. లా ఆఫ్ టార్ట్స్ ఒక్కటే పోయింది, మిగతావన్నీ పాస్. టార్ట్స్‌లో 80కి 24 మార్కులు. ఫోన్‌లో ఆ నంబరు చూసే సమయానికి నేను మా ప్లీడరు గారి ఆఫీసులో ఒక అఫిడవిట్ టైపు చేస్తున్నాను. మధ్యలో ఆపేసి వెనక గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను. నాకప్పుడు 38 ఏళ్లు. అంతకుముందు పదకొండేళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. దావాలు, వకాల్తాలు, ఎంవీఓపీలు (వాహన ప్రమాదాల పరిహారం కేసులు) అన్నీ నా చేతుల మీదుగా వెళ్లినవే. అలాంటిది యాక్సిడెంట్లు, నష్టపరిహారాల గురించి చదివే పేపరే పోవడం తట్టుకోలేకపోయాను.

పోవడానికి కారణం లాటిన్ మాక్సిమ్స్, అంటే చట్టంలో వాడే లాటిన్ సూక్తులు, అని నాకు అప్పటికే అనుమానం. టెన్త్ నుంచి డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను. మేము చేరిన ఏడాది కరోనా వల్ల క్లాసులు చాలావరకు ఫోన్లోనే జరిగాయి. మొదటి వారంలోనే గ్రూపులో ఒక పీడీఎఫ్ పెట్టారు. ఎడమ పక్క లాటిన్ సూక్తి, కుడి పక్క దాని ఇంగ్లీషు అర్థం, మొత్తం వంద. సీనియర్లు 'ఇవి బట్టీ కొట్టేస్తే చాలు' అన్నారు. కొట్టాను. పొద్దున నాలుగున్నరకు లేచి, పిల్లాడికి బాక్సు కట్టేలోపు రోజుకు ఐదు చొప్పున. లాటిన్ రాదు కాబట్టి దానికి ఇంగ్లీషు అర్థం, ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి దానికి నా మనసులో ఒక తెలుగు అర్థం. ఆ రెండో మెట్టు దగ్గరే కాలు జారింది.

ఎక్కడ జారిందో కళ్లతో చూడాలనిపించి ఆన్సర్ స్క్రిప్ట్ జిరాక్స్ కోసం, రీవాల్యుయేషన్ కోసం కలిపి దరఖాస్తు పెట్టాను. రెండు వేలు దాటింది. కాలేజీ కోసం ఆఫీసు పని సగానికి తగ్గించుకున్నాను కాబట్టి అప్పుడు నా చేతికి వచ్చేది నెలకు ఐదున్నర వేలు. జిరాక్స్ రావడానికి 43 రోజులు పట్టింది. రీవాల్యుయేషన్‌లో ఒక్క మార్కు కూడా కలవలేదు. కానీ ఆ జిరాక్స్ తెప్పించుకోవడం మాత్రం ఈ మూడేళ్లలో నేను చేసిన మంచి పని.

పెద్ద ప్రశ్న రెండు సూక్తుల మీద: 'డామ్నమ్ సైన్ ఇంజూరియా', 'ఇంజూరియా సైన్ డామ్నో'. నాలుగు పేజీలు రాశాను. రెండు కేసులూ సరిగ్గానే రాశాను. ఒకటి ఇంగ్లాండులో 1410 నాటి గ్లాస్టర్ గ్రామర్ స్కూల్ కేసు. స్కూల్ నడుపుతున్న చోటే ఇంకొకాయన వచ్చి కొత్త స్కూల్ పెట్టాడు. దాంతో పాతవాళ్లు ఫీజును 40 పెన్నీల నుంచి 12 పెన్నీలకు తగ్గించుకోవాల్సి వచ్చింది. దావా వేశారు, ఓడిపోయారు. రెండోది 1703 నాటి యాష్‌బీ వర్సెస్ వైట్. ఓటు హక్కున్న ఒకాయన్ను అధికారి ఓటు వేయనివ్వలేదు. ఆయన వేద్దామనుకున్న అభ్యర్థి ఎలాగూ గెలిచాడు. అయినా దావా వేసి ఈయనా గెలిచాడు. కథలు ఇంత బాగా గుర్తున్నాయి కానీ స్కూల్ కేసును ఓటు కేసు సూక్తి కింద, ఓటు కేసును స్కూల్ కేసు సూక్తి కింద రాశాను. నాలుగు పేజీలూ తారుమారు. దిద్దినవారు రెండు శీర్షికల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం గీశారు. మార్కులు 3.

ఆ బాణం వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఎందుకు తారుమారయిందో అప్పుడు తట్టింది. పీడీఎఫ్‌లో అర్థం 'డ్యామేజ్ వితౌట్ ఇంజురీ' అని ఉంది. ఇంజురీ అంటే నాకు గాయం. పదకొండేళ్లుగా ఎంవీఓపీల్లో 'సింపుల్ ఇంజురీ, గ్రీవియస్ ఇంజురీ' అని డాక్టరు ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్ చూసి టైపు చేసిన చెయ్యి ఇది. స్కూల్ మాస్టారికి ఆదాయం మీద దెబ్బ పడింది కాబట్టి అది ఇంజురీ అనుకున్నాను. ఓటు పోయింది కాబట్టి అది డ్యామేజ్ అనుకున్నాను. నాకు అడ్డం పడింది లాటిన్ కాదు, దాని పక్కన రాసిన ఇంగ్లీషు అర్థం.

డిసెంబరులో మా పక్కింటి ఆంటీ ఒక మాట చెప్పింది. వాళ్ల చర్చిలో రిటైరైన ఫాదర్ గారు ఒకరున్నారని, ఆయన కుర్రతనంలో సెమినరీలో, అంటే ఫాదర్లు కాబోయేవాళ్లు చదివే చోట, చదువంతా లాటిన్‌లోనే సాగిందని, అప్పట్లో పూజ కూడా లాటిన్‌లోనే చేసేవారని. ఆయనకు ఎనభై రెండేళ్లు. మేము క్రైస్తవులం కాదు, చర్చి లోపలికి నేను అంతకుముందు వెళ్లిందే లేదు. మొహమాటపడుతూనే ఒక ఆదివారం సాయంత్రం ఆంటీతో కలిసి వెళ్లాను. ఆ జిరాక్స్ కాగితాలు ఆయన ముందు పెట్టాను. చూపు సరిగా ఆనడం లేదని నన్నే చదవమన్నారు.

నేను 'డామ్నమ్ సైన్ ఇంజూరియా' అన్నాను. ఆయన 'దామ్నుమ్ సీనె ఇన్యూరియా' అని మెల్లగా పలికి, "అమ్మా, ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏం తీసుకున్నావు?" అని అడిగారు. మార్కులు బాగా వేస్తారని సంస్కృతం తీసుకున్నానని చెప్పాను. "అయితే నీకు లాటిన్ సగం వచ్చినట్టే. ఇన్యూరియాని విడదియ్యి. 'ఇన్' అంటే కాదు. 'యూస్' అంటే న్యాయం, హక్కు. న్యాయం ముందు కాదు అనే అక్షరం పెడితే మనకు ఏమొస్తుంది?"

"అన్యాయం" అన్నాను.

"దామ్నుమ్ అంటే నష్టం. సీనె అంటే లేకుండా. ఇప్పుడు చెప్పు."

నష్టం ఉంది, అన్యాయం లేదు: స్కూల్ మాస్టార్లు. అన్యాయం జరిగింది, నష్టం లేదు: ఓటరు. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. ఆయన ముందు కన్నీళ్లు ఆగలేదు. ఆయన ఏమీ అనకుండా నాకు మంచినీళ్లు ఇప్పించారు.

అప్పటి నుంచి వీలైన ప్రతి ఆదివారం నాలుగింటికి వెళ్లేదాన్ని. డబ్బు తీసుకోలేదు. బదులుగా ఆ వారం పేపర్లలో వచ్చిన సంపాదకీయాలు చదివి వినిపించమన్నారు. అరగంట నేను పేపరు చదవాలి, అరగంట ఆయన లాటిన్ చెప్తారు. మొత్తం సూక్తిని ఎప్పుడూ ఒకేసారి చెప్పేవారు కాదు. ముందు చిన్న మాటలు. నెమో అంటే ఎవ్వరూ కాదు. ఉబి అంటే ఎక్కడ, ఇబి అంటే అక్కడ. పెర్ అంటే ద్వారా. ఎక్స్ అంటే నుంచి. ఇవి ఓ పాతిక నేర్చుకునేసరికి వంద సూక్తుల్లో సగం వాటంతటవే విడిపోవడం మొదలైంది. పేపరులో 'అసెంబ్లీ నిరవధిక వాయిదా' అని వచ్చిన రోజు, కోర్టుల్లో, సభల్లో 'సైన్ డై' అనేది దీన్నే అని చెప్పారు. సీనె, దియె: రోజు లేకుండా. మనం స్కూల్ నుంచి తెచ్చుకునే బోనఫైడ్ సర్టిఫికెట్టు కూడా లాటినే, 'మంచి నమ్మకంతో' అని. ఇన్నేళ్లు నా నోట్లో ఉన్న మాటలు ఇవి.

పలకడం గురించి ఒక మాట. ఫాదర్ గారిది చర్చి లాటిన్, 'ఉబి యూస్ ఇబి రెమేదియుమ్' (హక్కు ఎక్కడో పరిహారం అక్కడ) అంటారు. కోర్టులో 'యూబీ జస్ ఐబీ రెమీడియం' అంటారు. ఒకసారి క్లాసులో ఫాదర్ గారి లెక్కన పలికితే అందరూ తిరిగి చూశారు, ముఖం ఎర్రబడిపోయింది. అప్పటి నుంచి అర్థానికి ఆయన పద్ధతి, పైకి పలకడానికి కోర్టు పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా నేర్చుకుంటుంటే ఇది ముందే తెలుసుకోండి. మీ ఊరి కోర్టులో సీనియర్లు ఎలా అంటున్నారో విని అలాగే అనండి.

2022 జనవరిలో ఒక లాంగ్ నోట్‌బుక్కు కొన్నాను, 200 పేజీలది. స్కేలుతో నిలువుగా మూడు గడులు గీశాను. మొదటి గడిలో లాటిన్, రెండో గడిలో ఇంగ్లీషు అర్థం, మూడో గడిలో తెలుగు. మూడో గడిలో అనువాదం రాయకూడదని నియమం పెట్టుకున్నాను. ఒక సామెత, లేదా నేను ఆఫీసులో కళ్లారా చూసిన సంగతి మాత్రమే రాయాలి.

ఈ గడిని సగం నింపింది మా అత్తగారే. వంటింట్లో నేను కూరగాయలు తరుగుతూ విషయం చెప్తే ఆవిడ సామెత అందించేది. 'కేవియట్ ఎంప్టర్', కొనేవాడు చూసుకోవాలి. "నీళ్లలో గేదెను పెట్టి గట్టు మీద బేరమాడినట్టు" అంది. 'ఇగ్నోరాన్షియా జ్యూరిస్ నాన్ ఎక్స్‌క్యూజాట్', చట్టం తెలియదంటే కుదరదు. "తెలిసి తొక్కినా తెలియక తొక్కినా నిప్పు కాలుతుంది" అంది. 'నెమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్', తనది కానిది ఎవరూ ఇవ్వలేరు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అంది, వెంటనే. 'విజిలాంటిబస్' అని మొదలయ్యే పెద్ద సూక్తికి సామెత అక్కర్లేకపోయింది. మేలుకుని ఉన్నవాళ్లకే చట్టం సాయం అని దాని అర్థం. మా వైపు ప్రోనోటు రాయించుకున్న ప్రతి రైతుకూ దావా వేయడానికి మూడేళ్ల గడువు సంగతి తెలుసు, గడువు దాటకుండా వెనక చెల్లు (కొంత బాకీ కట్టినట్టు రాత) రాయించుకోవడమూ తెలుసు. మూడో గడిలో 'ప్రోనోటు, చెల్లు' అని రాసుకున్నాను. అంతే, మళ్లీ మర్చిపోలేదు.

'రెస్ ఇప్సా లాక్విటర్' దగ్గర మాత్రం వారం రోజులు ఆగాను. సంగతి తానే మాట్లాడుతుంది అని అర్థం. అత్తగారు "అరచేతి పుండుకు అద్దమెందుకు" అంది. బాగుంది, కానీ అది కనిపించే దాని గురించి. ఈ సూక్తి కనిపించని నిర్లక్ష్యం గురించి. 1863లో ఇంగ్లాండులో గోడౌన్ పైనుంచి పిండి పీపా దారిన పోయేవాడి మీద పడింది. ఎవరు తోశారో, ఎలా జారిందో చూసినవాళ్లు లేరు. పీపాలు ఊరికే పడవు కాబట్టి, జాగ్రత్తగానే ఉన్నామని చూపించుకోవాల్సింది గోడౌన్ వాళ్లే అని కోర్టు అంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో ఇదే సూత్రం వాడింది. స్తంభానికి 80 ఏళ్లు, దాని సున్నానికి ఆయుష్షు 40, 45 ఏళ్లే. ఈ కేసు చదివాక నాకు సామెత అక్కర్లేదనిపించి, మూడో గడిలో గడియారం బొమ్మ గీశాను.

2022 ఏప్రిల్‌లో టార్ట్స్ మళ్లీ రాశాను. జూలై చివర్లో రిజల్ట్ వచ్చింది, 51. ఆ ఆదివారం అరిసెలు పట్టుకెళ్లాను. ఫాదర్ గారికి షుగర్ ఉందని అక్కడి సిస్టర్ గారు ఒక్క ముక్కే తిననిచ్చారు.

తర్వాతి సెమిస్టర్లలో ఈ సూక్తులు మన ఊళ్ల కథలతో ఎదురవడం మొదలైంది. అడ్మినిస్ట్రేటివ్ లాలో 'నెమో జ్యూడెక్స్ ఇన్ కాజా సువా' ఉంది. తన వ్యవహారానికి తానే న్యాయమూర్తి కాకూడదు అని. దానికి ముఖ్యమైన కేసుల్లో ఒకటి మన కృష్ణా జిల్లా బస్సులది. ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకుంటానంటే గుళ్లపల్లి నాగేశ్వరరావు తదితరులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాలను విన్నది రవాణా శాఖ సెక్రటరీయే. విన్నది ఆయన, నిర్ణయం ముఖ్యమంత్రిది. ఒకరు విని ఇంకొకరు తేలిస్తే ఆ వినడం ఉత్త తంతు అవుతుందని సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు రాసింది మన రాజమండ్రి ప్రాంతపు కోకా సుబ్బారావు గారు. ఈ సూక్తికి నేను మొదట 'దొంగ చేతికి తాళాలు' అని రాసుకున్నాను, తర్వాత కొట్టేశాను. ఆ సెక్రటరీ దొంగ అని ఎవరూ అనలేదు. మనిషి మంచివాడైనా ఆ కుర్చీలో కూర్చోకూడదు అనేదే అక్కడి విషయం. దగ్గరగా కనిపించే సామెత ఇలా తప్పుదారి పట్టిస్తుందని అప్పుడు కొంచెం తెలిసింది.

పూర్తిగా తెలిసింది మాత్రం వైవాలో, అంటే నోటి పరీక్షలో.

అంతకుముందు ఎవిడెన్స్ (సాక్ష్యాల చట్టం) పేపరు బాగా రాశాను. చనిపోబోయే మనిషి అబద్ధం చెప్పడనే 'నెమో మోరిటూరస్' సూక్తి కింద పాకాల నారాయణస్వామి కేసు వస్తుంది. 1937లో పూరీలో రైలు పెట్టెలో, ఇనప ట్రంకులో శవం దొరికింది. చనిపోయిన పిఠాపురం మనిషి నూకరాజు, బాకీ డబ్బు తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని ఇంటి దగ్గర భార్యతో చెప్పి బయల్దేరాడు. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో లండన్‌లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు ఆఖరి కోర్టు) తేల్చింది. పిఠాపురం మనుషుల కథ లండన్ దాకా వెళ్లిందని చదివినప్పుడు, రాత్రి పదకొండింటికి మా ఆయన్ను లేపి మరీ చెప్పాను. అంత ధైర్యంతో 2024 మార్చిలో వైవాకు వెళ్లాను.

ఎగ్జామినర్ గారు 'ఫాల్సస్ ఇన్ ఊనో, ఫాల్సస్ ఇన్ ఆమ్నిబస్' అంటే ఏంటి అన్నారు. ఒక విషయంలో అబద్ధమైతే అన్నిట్లోనూ అబద్ధమే అని చెప్పాను. మా అత్తగారి సామెత కూడా చెప్పాను: అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. ఆయన సంతోషించారు. "మరి మన కోర్టులు దీన్ని పాటిస్తాయామ్మా?" అని అడిగారు. పాటిస్తాయి అన్నాను, తడుముకోకుండా. ఆయన తల అడ్డంగా ఊపారు. సాక్షి ఒక ముక్క అబద్ధం చెప్పాడని మొత్తం సాక్ష్యాన్ని మన కోర్టులు పారేయవు. పొట్టు వేరు చేసి గింజ తీసుకుంటాయి. ఈ వాక్యం పుస్తకంలో నేను చదివిందే. కానీ మెతుకు సామెత ఎంత గట్టిగా పట్టేసిందంటే చదివింది గుర్తు రాలేదు. ఇంటికొచ్చి మెతుకు మీద గీత కొట్టి, కింద 'చేట' అని రాశాను. చేటతో చెరగడం చిన్నప్పటి నుంచి చేసిన పనే, ముందే ఎందుకు తట్టలేదో. మూడో గడి రాసుకునేవాళ్లు ఆ సామెత ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా పక్కనే రాసుకోండి.

ఆ ఏడాది జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. మూడేళ్లు కంఠస్థం చేసిన సెక్షన్ నంబర్లు ఒక్కరోజులో పాతబడిపోయాయి. మా బ్యాచ్ గ్రూపులో అంతా టెన్షన్. నేనూ కంగారుపడ్డాను కానీ నోటుబుక్కు తీసి చూస్తే మార్చాల్సింది చాలా తక్కువ. చిన్న చిన్న విషయాలను చట్టం పట్టించుకోదనే 'డీ మినిమిస్' సూక్తి పాత శిక్షాస్మృతి ఐపీసీలో 95వ సెక్షన్, దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 33. నంబరు దిద్దాను. సూక్తి, దాని పక్కన తెలుగు అలాగే ఉన్నాయి.

అదే నెల 30న ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా పేరు నమోదు) ఫీజు జనరల్ వాళ్లకు 750 దాటకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నేను ఎన్‌రోల్‌మెంట్ కోసమని చీటీ పాడి వేలల్లో దాచిపెట్టి ఉన్నాను. ఆ డబ్బుతో నల్ల కోటు, గౌను, బ్యాండ్లు కుట్టించుకున్నాను, మిగిలింది పిల్లాడి ఫీజుకు సరిపోయింది. అక్టోబరులో ఎన్‌రోల్‌మెంట్ కాగితాలు సిద్ధం చేసుకుంటుంటే అందులో ఒక అఫిడవిట్ నా పేరు మీద కావాలి. పదకొండేళ్లలో ఎన్ని వందలు టైపు చేశానో లెక్కలేదు, నాది మాత్రం అదే మొదటిది. అఫిడవిట్ అనే మాటకు అర్థం ఫాదర్ గారు ముందే చెప్పి ఉన్నారు: 'ప్రమాణం చేసి చెప్పెను'. "చెప్పాడా, చెప్పిందా?" అని అడిగితే, లాటిన్ క్రియలో ఆ తేడా లేదమ్మా, ఇద్దరికీ అదే మాట అన్నారు. సంతకం పెట్టేటప్పుడు అది గుర్తొచ్చి చెయ్యి వణికింది.

డిసెంబరు 22, ఆదివారం ఏఐబీఈ, అంటే లాయర్లు రాయాల్సిన ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. ఫీజు 3,500. సెంటర్ హైదరాబాద్ పెట్టుకున్నాను, ముందు రాత్రి బస్సెక్కాను. నోట్స్ లేని బేర్ యాక్ట్‌లే (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు) లోపలికి రానిస్తారు. కాబట్టి బేర్ యాక్ట్‌లలో పెన్సిల్ గీతలు కూడా ముందురోజే చెరిపేసుకోండి. గేటు దగ్గర ఒక్కో పేజీ తిప్పి చూస్తుంటే చాలామంది అక్కడే నిలబడి రబ్బరుతో చెరుపుతున్నారు. నా నోటుబుక్కు బయట సంచిలోనే ఉండిపోయింది. మూడున్నర గంటలు, వంద ప్రశ్నలు, తప్పుకు మార్కు కోత లేదు, 45 వస్తే పాస్. రిజల్ట్ కోసం మూడు నెలలు ఎదురుచూశాను. మార్చిలో వచ్చింది, పాసయ్యాను.

ఆ ఆదివారం ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు వినపడటం కూడా తగ్గింది, చెవి దగ్గర గట్టిగా చెప్పాలి. చెప్పాను. నా చెయ్యి పట్టుకుని, నోటుబుక్కులో ఖాళీ గడులు ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగారు. నాలుగు అన్నాను. ఒకటి చదవమన్నారు. 'ఊబెరిమా ఫైడీస్', ఇన్సూరెన్స్‌లో వచ్చేది, నిండు నమ్మకం. పాలసీ తీసుకునేవాడు తన గురించి గోరంత కూడా దాచకూడదు. దాని మూడో గడిలో రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాను. మా అత్తగారికి కూడా ఇంకా ఏమీ తట్టలేదు.